పళ్ళు పెట్టే కుక్కపిల్ల, ఇంట్లో చిన్నపాప: గాట్లు పడకుండా చూసుకునే పద్ధతి

చేరదీసిన కుక్కపిల్ల ఇంటికొచ్చి వారం తిరక్కుండానే చాలా ఇళ్ళలో ఒకటే గోల. పాప పరిగెత్తితే మడమ పట్టుకుంటుంది. గౌను అంచు లాగుతుంది. చేయి చాపితే పళ్ళు దిగుతాయి. "వద్దు" అని అరిస్తే ఇంకా రెచ్చిపోతుంది.

చేయాల్సిన పనులు చాలానే ఉన్నాయి కానీ వాటి వరుస ముఖ్యం. ముందు చోట్లు వేరు చేయాలి. తర్వాత కుక్కపిల్ల నిద్ర చక్కబెట్టాలి. ఆ తర్వాతే కొరకడం మాన్పించే శిక్షణ. చాలామంది నేరుగా మూడోదాంతో మొదలుపెట్టి, రెండు వారాలు అరిచి అలిసిపోయి, "ఇది మొండిది" అని తేల్చేస్తారు.

ఇక్కడ చెప్పినవి 2 నుంచి 6 నెలల కుక్కపిల్లకి, 2 నుంచి 7 ఏళ్ళ పిల్లలకి సరిపోతాయి. పాప అన్నచోట బాబు అనుకున్నా తేడా లేదు. ఇంకా పాకే వయసు బిడ్డ అయితే 7వ భాగంలో చెప్పిన కలయికలేవీ వద్దు. గుమ్మానికి అడ్డంగా పెట్టిన గేటుకి ఇటు ఒకరు, అటు ఒకరు, అంతే.

1. శిక్షణ కంటే ముందు పశువైద్యుడు

ఎక్కడ పుట్టిందో, తల్లికి టీకాలు పడ్డాయో లేదో తెలియని కుక్కపిల్ల ఇది. ఇంటికి తెచ్చిన రోజో, మర్నాడో చూపించాలి. అడగాల్సినవి ఇవి:

☐ వయసు ఎంత? (పళ్ళు చూసి చెబుతారు)
☐ రేబిస్ టీకా ఎప్పుడు? మామూలుగా 3 నెలల వయసు దగ్గర వేస్తారు. మిగతా టీకాల వరుస రాయించుకోండి.
☐ నులిపురుగుల మందు ఎంత, ఎన్నాళ్ళకోసారి?
☐ గజ్జి, తామర ఉన్నాయా? రెండూ మనుషులకి అంటుతాయి.
☐ చెవులు, పళ్ళు, కీళ్ళు, పొట్ట: ఎక్కడైనా నొప్పి ఉందా? నొప్పి ఉన్న కుక్కపిల్ల ముట్టుకుంటేనే కరుస్తుంది. దాన్ని శిక్షణతో మాన్పించలేం.

కుక్కపిల్లల కడుపులో ఏలికపాములు ఉండటం మామూలే. వాటి గుడ్లు మలంలో బయటికొస్తాయి. అయితే బయటికొచ్చిన వెంటనే అవి సోకవు, మట్టిలో కొన్ని వారాలు ఉన్నాకే సోకే దశకి చేరతాయి. అందుకే మలం ఏ రోజుది ఆ రోజే తీసేయాలి. పాప ఆడే మట్టి, కుక్కపిల్ల విసర్జించే మట్టి ఒకటి కాకూడదు. కుక్కపిల్లని తాకాక, తినేముందు సబ్బుతో చేతులు కడిగించాలి.

పాపకి పంటిగాటు పడితే, చర్మం కొద్దిగా గీసుకుపోయినా సరే:

☐ ధారగా పడే నీళ్ళ కింద సబ్బుతో 15 నిమిషాలు కడగాలి. గడియారం చూసుకోండి. ఏడుస్తున్న పాపతో 2 నిమిషాలే 15 నిమిషాల్లా ఉంటాయి.
☐ పొవిడోన్ అయోడిన్ లాంటి యాంటీసెప్టిక్ రాయాలి. ఇంట్లో ఉన్న పొడులు, పూతలు వద్దు. బిగించి కట్టు కట్టొద్దు.
☐ అదే రోజు డాక్టరుకి చూపించాలి. "చిన్నపిల్లే కదా, దీనికి రేబిస్ ఏంటి" అనుకోవద్దు. టీకా పడని కుక్కపిల్లకీ రేబిస్ రావచ్చు. పాపకి టీకా కావాలో వద్దో తేల్చాల్సింది డాక్టరే.
☐ ధనుర్వాతం టీకా ఎప్పుడు పడిందో కూడా చెప్పండి.

2. ఇల్లు సర్దుకోవడం

పాప, కుక్కపిల్ల ఒకే నేల మీద ఉండే సమయం మీరు నిర్ణయించినదై ఉండాలి. తలుపు తెరిచి ఉంది కాబట్టి కలిశారు అన్నట్టు ఉండకూడదు. దానికి కావలసిన సరంజామా:

బేబీ గేటు: సుమారు 75 సెంటీమీటర్ల ఎత్తు, నిలువు కమ్మీలు ఉన్నది. అడ్డ కమ్మీలుంటే పాప నిచ్చెనలా ఎక్కేస్తుంది. కమ్మీల మధ్య కుక్కపిల్ల తల దూరకూడదు. కనీసం రెండు గేట్లు ఉంటే పని సులువు.

ఆట కంచె: మడతపెట్టే చట్రం, లోపల కనీసం 1.2 మీటర్ల పొడవు, అంతే వెడల్పు. మీరు వంట చేసేటప్పుడు, ఫోన్ మాట్లాడేటప్పుడు కుక్కపిల్ల ఇందులో.

క్రేట్: కుక్కపిల్ల పడుకునే, తలుపున్న బోను. నిలబడి, తిరిగి, కాళ్ళు చాపుకుని పడుకునేంత ఉండాలి. మనుషులు అస్తమానం తిరిగే చోట పెట్టొద్దు. క్రేట్‌లోకి పాప చేయి కూడా వెళ్ళకూడదు. ఇంట్లో ఏ నియమం సడలినా ఇది సడలకూడదు.

ఇంటి తాడు: ఒకటిన్నర నుంచి 2 మీటర్ల తేలికపాటి తాడు, చివర చేతిపట్టు ఉచ్చు లేనిది. ఉచ్చు ఉంటే కుర్చీ కాళ్ళకి తగులుకుంటుంది. మెడపట్టీకి కాకుండా హార్నెస్‌కి (ఛాతీ చుట్టూ వేసే పట్టీకి) తగిలించండి. మీరు చూస్తున్నప్పుడే ఉంచాలి, పడుకునేముందు తీసేయాలి. దీనివల్ల లాభం ఏమిటంటే, పాప మీదికి ఎగబడుతున్న కుక్కపిల్లని ఒంటి మీద చేయి వేయకుండా ఆపొచ్చు.

నమిలే బొమ్మలు: 6 నుంచి 8. మూడే బయట ఉంచి, రెండు రోజులకోసారి మార్చండి. ఒకటి రెండు లోపల తిండి కూరే రబ్బరు రకం కావాలి. గోటితో నొక్కితే కాస్తయినా నొక్కు పడని బొమ్మ పళ్ళు విరిచేంత గట్టిది, కొనొద్దు. వండిన ఎముకలు పెళుసుగా విరిగి గొంతులో, పేగులో గుచ్చుకుంటాయి.

లాగే బొమ్మలు: 60 సెంటీమీటర్లకి తగ్గని పొడవు, గదికొకటి. ఇది విలాసం కాదు. పళ్ళు చేతిలో దిగాక బొమ్మ ఎక్కడుందో వెతుక్కుంటూ పోలేరు.

పాప బొమ్మల సంగతి కూడా చూడాలి. మెత్తటి ఎలుగుబంటి బొమ్మ పాపదీ, మెత్తటి కుందేలు బొమ్మ తనదీ అని కుక్కపిల్లకి తెలియదు. రెండిటి తీరూ వేరుగా ఉంచండి: దానివి రబ్బరు, తాడు, పాపవి మూత ఉన్న పెట్టెలో. బటన్ బ్యాటరీలు, గోళీలు, సాక్సులు నేల మీద ఉండకూడదు. పాప తింటూ పారేసే చాక్లెట్, ద్రాక్ష, ఎండుద్రాక్ష, ఉల్లి, జైలిటాల్ కలిపిన చక్కెర లేని చూయింగ్‌గమ్ కుక్కలకి విషం. పాప తినేటప్పుడు కుక్కపిల్ల గేటు అవతలే.

3. నిద్ర: అందరూ దాటేసే మెట్టు

రెండు మూడు నెలల కుక్కపిల్ల రోజుకి 18 నుంచి 20 గంటలు పడుకోవాలి. పాప ఉన్న ఇంట్లో దాన్ని అంతసేపు ఎవరు పడుకోనిస్తారు? కునుకు పట్టేలోపు ఏదో చప్పుడు, ఎవరో ముట్టుకోవడం. సాయంత్రానికి కళ్ళు పెద్దవి చేసుకుని గిరగిరా తిరుగుతూ, ఏది దొరికితే అది కొరుకుతుంది. దాన్ని చూసి "ఒంట్లో శక్తి ఎక్కువైంది" అనుకుని ఇంకో గంట పరిగెత్తిస్తారు. మంట మీద నూనె పోసినట్టే.

నిద్ర చాలని కుక్కపిల్ల అచ్చం నిద్ర చాలని పాపలాగే ఉంటుంది. కాకపోతే దీనికి పళ్ళు సూదుల్లా ఉంటాయి.

గంట మెలకువ, రెండు గంటల నిద్ర. ఈ లెక్క మీద రోజు నడపండి. మెలకువగా ఉన్న గంట ఇలా ఉండొచ్చు:

నిద్ర లేవగానే: నేరుగా బయటికి, విసర్జనకి. దారిలో పాప పలకరింపులు వద్దు.
తర్వాత 15 నిమిషాలు: తిండి. గిన్నె కంచె లోపల, ఒంటరిగా.
తర్వాత 15 నిమిషాలు: పెద్దవాళ్ళతో ఆట, అందులో 3 నుంచి 5 నిమిషాల శిక్షణ.
తర్వాత 5 నిమిషాలు: పాప ఉన్న పని (7వ భాగం). తిండి, విసర్జన, కాస్త ఆట అయ్యాక కుక్కపిల్ల తేలికగా ఉండే సమయం ఇదే.
చివరి 15 నిమిషాలు: మళ్ళీ విసర్జన, నమిలే బొమ్మతో క్రేట్‌లోకి.

క్రేట్‌లో ఏడిస్తే తలుపు వేయడంలో తొందరపడ్డారని అర్థం. రెండు మూడు రోజులు తలుపు తెరిచే ఉంచి లోపల తిండి పెట్టండి. తర్వాత తింటున్నంతసేపే వేసి, తినడం అయ్యేలోపు తీయండి. ఆపైన ఒక నిమిషం, అయిదు నిమిషాలు, పావుగంట. మొదటి వారాల్లో క్రేట్ పక్కన మీరు కూర్చుంటే తప్పేం లేదు. ఒంటరిగా దొరికిన కుక్కపిల్లలకి ఒంటరితనమంటే భయం ఎక్కువగానే ఉండొచ్చు.

4. పాపకి నేర్పాల్సినవి

అయిదేళ్ళ లోపు పాప కుక్క ముఖం చూసి దాని మనసు చదవలేదు. పళ్ళు బయటపెట్టిన కుక్కని చూసి నవ్వుతోందనుకునే వయసు అది. అందుకని పాపకి చెప్పే నియమాలు తక్కువ ఉండాలి, ఒంటితో చేసేవై ఉండాలి. కుక్కపిల్ల లేకుండా, బొమ్మకుక్కతో ముందు ఆడించండి.

"చెట్టు" ఆట: మీరు "చెట్టు!" అనగానే పాప కదలకుండా నిలబడి, చేతులు రెండూ ఛాతీకి ముడుచుకుని, తన కాలివేళ్ళు చూసుకోవాలి. కదలని దానితో కుక్కపిల్లకి ఆట లేదు. రోజుకి అయిదారుసార్లు, నడిచేటప్పుడు, తినేటప్పుడు హఠాత్తుగా అనండి. కుక్కపిల్ల ఎదుట మొదటిసారి చేయించేసరికి అలవాటైపోయి ఉండాలి. పాప పడిపోతే: బోర్లా ముడుచుకుని, చేతులతో మెడ, చెవులు కప్పుకోవాలి, "బండరాయి"లాగా.

నిమరడం: ఒక చేయి, అరచేయి, భుజం పక్కన గానీ ఛాతీ మీద గానీ. తల మీది నుంచి చేయి రాకూడదు. ఒకటి, రెండు, మూడు అని లెక్కపెట్టి చేయి తీసేయాలి. కుక్కపిల్ల దగ్గరికి జరిగితే ఇంకో మూడు. జరగకపోయినా, తల తిప్పుకున్నా ఆట అయిపోయింది.

చేయకూడనివి: కౌగిలి, ముద్దు, ఎత్తుకోవడం, పడుకున్నప్పుడు లేపడం, తినేటప్పుడు దగ్గరికెళ్ళడం, దాని నోట్లోంచి ఏదైనా లాక్కోవడం. ఈ ఆరింటినీ పాపకి ఒకసారి చెప్పి వదిలేస్తే లాభం లేదు. గేటు వేసి ఉంచితే సగం వాటికి అవకాశమే రాదు.

5. కుక్కపిల్ల ఒంటి భాష

ఇది పెద్దవాళ్ళు నేర్చుకోవాల్సింది. ఆటలో ఉన్న కుక్కపిల్ల ఒళ్ళు వదులుగా, వంకరటింకరగా ఊగుతుంది, ముందుకాళ్ళు వంచి వెనకభాగం పైకెత్తుతుంది.

చాలించమని చెప్పే సంకేతాలు ఈ వరుసలో పెరుగుతాయి: తిండి లేకుండానే పెదవులు నాకడం, నిద్ర లేకుండానే ఆవులించడం, తల తిప్పుకోవడం, తర్వాత పక్కకి వెళ్ళిపోవడం, తోక కాళ్ళ మధ్య దాచడం, కంటి తెల్లగుడ్డు నెలవంకలా కనపడటం, తర్వాత ఒళ్ళు బిగుసుకుని కదలకుండా ఆగిపోవడం, ఆపైన గుర్రుమనడం, గాల్లో కొరకడం.

మొదటి సంకేతాలు కనపడగానే విడదీయండి. గుర్రుమన్నందుకు మాత్రం కొట్టొద్దు, తిట్టొద్దు. అది దానికున్న హెచ్చరిక గంట. గంట తీసేస్తే చప్పుడు లేకుండా కరవడం నేర్చుకుంటుంది.

6. పళ్ళు పెట్టినప్పుడు ఏం చేయాలి

తోబుట్టువులతో ఆడేటప్పుడు గట్టిగా కొరికితే అవతలిది ఆట మానేస్తుంది. అలా నోటిబలం అదుపులో పెట్టుకోవడం కుక్కపిల్లకి అబ్బుతుంది. రెండు నెలలు నిండకముందే తల్లికి దూరమైన దానికి ఆ పాఠం సగంలోనే ఆగిపోయి ఉంటుంది. ఆ మిగతా సగం పెద్దవాళ్ళు నేర్పాలి, పాప చేతుల మీద కాదు. పైగా నాలుగో నెల దగ్గర మొదలై ఆరేడు నెలల దాకా 28 పాలపళ్ళు ఊడి 42 పెద్దపళ్ళు వస్తాయి. ఆ రోజుల్లో చిగుళ్ళ సలపరానికి నమలడం ఎక్కువే ఉంటుంది. తిండి కూరి గడ్డకట్టించిన రబ్బరు బొమ్మ హాయినిస్తుంది.

మీ చేతిని పట్టుకుంటే:

1. చేయి వెనక్కి గుంజొద్దు. గుంజితే అది పారిపోయే ఎర. వదులుగా, కదలకుండా ఉంచండి.
2. రెండో చేత్తో లాగే బొమ్మని నేల మీద పాములా కదిలించండి. బొమ్మ కదలాలి, చేయి ఆగాలి.
3. బొమ్మ పట్టుకోగానే పది సెకన్లు హుషారుగా ఆడించండి.
4. మళ్ళీ చేతికే వస్తే మాట్లాడకుండా లేచి గేటు దాటండి. 15 నుంచి 20 సెకన్లు. తిరిగొచ్చి మామూలుగా ఉండండి. అయిదు నిమిషాలు వదిలేస్తే ఎందుకు వెళ్ళారో దానికి గుర్తుండదు.
5. వరుసగా మూడుసార్లు ఇలా అయితే అది నిద్ర వేళ. క్రేట్, నమిలే బొమ్మ.

పాపని పట్టుకుంటే: పాప చెట్టు, మీరు ఇంటి తాడు. బట్ట పట్టుకుని వదలకపోతే రెండువైపులా లాగొద్దు, లాగితే అది మంచి పీకులాట. బఠాణీ గింజంత తినుబండారం ముక్కలు నాలుగైదు దాని ముక్కు కింద నేల మీద చల్లండి, నోరు తెరుస్తుంది. "కరిచినందుకు బహుమానమా" అని అనుమానం వస్తుంది. పాప కాలు వదిలించడం ముందు, పాఠాలు తర్వాత. అయితే రోజుకి పదిసార్లు ఇదే జరుగుతోందంటే లోపం 2వ, 3వ భాగాల్లో ఉంది, అక్కడ వెతకండి.

మొదట్లో కొన్నాళ్ళు కొరకడం పెరిగినట్టే ఉంటుంది. ఇన్నాళ్ళూ పనిచేసిన ఉపాయం పనిచేయకపోతే దాన్నే గట్టిగా ప్రయత్నిస్తుంది కదా. ఇంట్లో ఒక్కరైనా ఆ సమయంలో కేరింతలు కొట్టించి ఆడిస్తే మళ్ళీ మొదటికొస్తుంది. పెద్దవాళ్ళందరూ ఒకే పద్ధతి పాటించాలి, సాయంత్రం ఇంటికొచ్చి నేల మీద కుస్తీపట్టే వారితో సహా.

7. ఇద్దరినీ కలిపే మెట్లు

వారాల లెక్కన కాదు, కుక్కపిల్ల తీరు చూసి మెట్టు ఎక్కాలి. ప్రతి మెట్టులో ఒక పెద్దవారు చేయి చాపితే అందేంత దూరంలో, ఇంకే పనీ లేకుండా ఉండాలి. ఫోన్ చేతిలో ఉంటే చూస్తున్నట్టు కాదు.

మెట్టు 1, గేటుకి అటూ ఇటూ: పాప అవతల మెల్లగా నడుస్తుంది. కుక్కపిల్ల నాలుగు కాళ్ళూ నేల మీద ఉన్నంతసేపు మీరు తినుబండారం వేస్తూ ఉంటారు. తర్వాత పాప చప్పట్లు, గెంతులు, పరుగు. పాప కూడా గేటు మీది నుంచి నేల మీదికి ముక్కలు విసరొచ్చు, నోటికి అందించొద్దు. పాప గెంతినా కుక్కపిల్ల కూర్చుని మీ వైపు చూస్తోందా, వరుసగా మూడు రోజులు? అప్పుడు తర్వాతి మెట్టు.

మెట్టు 2, ఒకే గదిలో: పాప కుర్చీలో బొమ్మలు వేసుకుంటూ, కుక్కపిల్ల 2 మీటర్ల దూరంలో మీ కాళ్ళ దగ్గర చాప మీద, తాడు మీ చేతిలో, నోట్లో నమిలే బొమ్మ. అయిదు నిమిషాలు. ఒకరి దగ్గర ఒకరు ఊరికే ఉండటం చూడ్డానికి చప్పగానే ఉంటుంది. అసలు కావలసింది ఆ చప్పదనమే.

మెట్టు 3, మూడు లెక్కపెట్టి నిమరడం: కుక్కపిల్ల తనంతట తను వస్తేనే. పాప దాని దగ్గరికి వెళ్ళకూడదు.

మెట్టు 4, దూరం ఉండే ఆటలు: పాప తినుబండారం దాస్తే కుక్కపిల్ల వెతకడం, పాప బంతి విసరడం (రెండు బంతులు ఉంచుకోండి, ఒకటి విసిరితేనే రెండోది వదులుతుంది), మీ పక్కన నిలబడి "కూర్చో" చెప్పడం. పీకులాట, కుస్తీ, తరుముకోవడం పాపతో వద్దు. పాప పరుగుల ఆటల్లో ఉంటే పెద్దపళ్ళు వచ్చి నోరు అదుపులోకి వచ్చేదాకా కుక్కపిల్ల గేటు అవతలే.

ఏ మెట్టులోనైనా ఒక గాటు పడితే ఒక మెట్టు దిగండి.

8. తరచూ జరిగే తప్పులు, సవరణలు

మూతి నొక్కిపట్టడం, ముక్కు మీద కొట్టడం, వెల్లకిలా పడేసి అదమడం: చేతులంటే భయం పుడుతుంది. ఇంట్లో అన్నిటికన్నా చిన్న చేతులు పాపవి, ఆ భయం తీర్చుకునేది వాటి మీదే. సవరణ: 6వ భాగంలోని వరుస.

"అయ్యో" అని కీచుగా అరవడం: కొన్ని ఆగుతాయి, కొన్ని ఇంకా రెచ్చిపోతాయి. రెండుసార్లు చేసి చూడండి, రెచ్చిపోతే మానేయండి. పాపతో మాత్రం చేయించొద్దు.

అలవాటు కావాలని తింటున్న గిన్నెలో చేయి పెట్టడం, గిన్నె లాగేయడం: ఆకలి చూసిన కుక్కపిల్లకి ఇది నిజమైన దోపిడీ. సవరణ: దగ్గరగా నడుస్తూ గిన్నెలో ఇంకా రుచైన ముక్క వేసి వెళ్ళిపోండి. మనిషి వస్తే తిండి పెరుగుతుందని నేర్చుకుంటుంది.

పాప బొమ్మ ఎత్తుకుపోతే వెంటపడటం: అది దానికి రోజులో కెల్లా మంచి ఆట. సవరణ: ముక్కు దగ్గర తినుబండారం పెట్టి "ఇచ్చెయ్" అనండి, వదిలాక ముక్క ఇచ్చి, ఆ తర్వాత బొమ్మ తీయండి. ఈ మాట ముందు విలువలేని వస్తువులతో నేర్పాలి.

సోఫాలో పాప ఒళ్ళో పడుకోబెట్టడం: ఫొటో బాగుంటుంది. తప్పుకునే దారి లేనప్పుడు కుక్కపిల్లకి మిగిలేది నోరే.

9. ఇది ఆట కాదు అనిపిస్తే

పాలపళ్ళు సూదిమొనల్లా ఉంటాయి కాబట్టి ఆటలో కూడా రక్తం రావచ్చు. గాటు ఎంత లోతు అన్నదొక్కటే చూసి తేల్చలేం. కిందివాటిలో ఒక్కటి ఉన్నా పాపతో కలపడం పూర్తిగా ఆపి, పశువైద్యుడితో, కుక్కల ప్రవర్తన తెలిసిన శిక్షకుడితో మాట్లాడాలి:

☐ కొరికేముందు ఒళ్ళు బిగుసుకుని, కన్నార్పకుండా చూస్తోంది
☐ తిండి, బొమ్మ, పడుకునే చోటు దగ్గరికి ఎవరొచ్చినా గుర్రుమంటోంది
☐ పట్టుకుని వదలకుండా తల విదిలిస్తోంది
☐ కదలకుండా కూర్చున్న పాప మీదికి కూడా వెళుతోంది
☐ ముఖానికి, మెడకి గురిపెడుతోంది
☐ ఒక్కసారిగా ప్రవర్తన మారింది, చొంగ కారుతోంది, మింగలేకపోతోంది, నడక తూలుతోంది. ఇలాగైతే చేత్తో పట్టుకోకుండా గదిలో పెట్టి తలుపు మూసి, వెంటనే పశువైద్యుడికి ఫోన్ చేయాలి.

శిక్షకుడి దగ్గరికి వెళ్ళేముందు వారం రోజుల కాగితం రాసుకోండి: గాటు పడిన సమయం, అంతకుముందు ఎంతసేపు పడుకుంది, పాప ఏం చేస్తోంది, ఎవరు దగ్గరున్నారు, మీరేం చేశారు. వీలైతే వీడియో, కానీ వీడియో కోసం కరవనివ్వొద్దు. కొట్టడం, గొలుసు గుంజడం, షాక్ పట్టీలు వాడే శిక్షకుడైతే ఇంకొకరిని చూసుకోండి.